గొట్టానికి అంటిన పొలుసు

కథ ఇక్కడిదాకా వచ్చింది: భోగాపురానికి సముద్రం వైపున్న పల్లెలో చేపల వ్యాపారం చేసే సూరయ్యకి ఆరేళ్ళ మనవడు బాబీ ఒక్కడే. వాడి కిడ్నీలు రెండూ పాడవుతున్నాయని, దసరా లోపల కొత్త కిడ్నీ పెట్టించాలని శ్రీకాకుళం డాక్టరు గణపతిరావు చెప్పాడు. తల్లి గౌరి రక్తం గ్రూపు కలవలేదు. తాత సూరయ్యదీ కలవలేదు. నాయనమ్మ అమ్మడుకి షుగరు. కలిసింది తండ్రి యుగంధర్ ఒక్కడిదే. అంతలో జన్యుపరీక్ష వచ్చి కొత్త చిక్కు తెచ్చిపెట్టింది. బాబీకీ యుగంధర్‌కీ ఒకే జన్యువులో ఒకే అక్షరం మారి ఉంది. ఆ మార్పే జబ్బుకి మూలమైతే, కిడ్నీ ఇచ్చిన యుగంధర్ కూడా ఏదో ఒకనాటికి మంచాన పడతాడు. అది హాని లేని మార్పయితే భయం లేదు. ఏది నిజమో తేల్చగలిగింది బాబీ కిడ్నీలోంచి సూదితో తీసిన చిన్న ముక్క. మొన్న మంగళవారం దాన్ని హైదరాబాదు ల్యాబుకి పంపించారు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఫోను మోగితే చాలు, అందరి ప్రాణాలూ గొంతులోకి వస్తున్నాయి.

శుక్రవారం పొద్దున్న గొడవ ఒక గ్లాసు దగ్గర మొదలైంది.

"అత్తా, దీని మీద గీత ఏమైంది?" అంది గౌరి, స్టీలు గ్లాసుని వెలుతురు వైపు తిప్పి చూస్తూ.

"ఏ గీతే?"

"ఎర్ర గీత. గోళ్ళ రంగుతో గీసాను కదా."

"ఓలమ్మ, అది గీతేటి! మరకనుకున్నాను. పీచెట్టి తోమీసినాను. అద్దంలాగ అయిందా నేదా సూడు."

"మరక కాదత్తా. బాబీకి నీళ్ళ కొలత అది. ఆ గీత దాకా రోజుకి మూడు సార్లు. అంతకి మించి ఒక్క గుక్క పడినా మర్నాటికి వాడి మొహం ఉబ్బిపోతుంది."

"నీళ్ళకి గీతలెట్టిన తల్లిని నిన్నే సూసినాను. మా ఇంట దాహమన్న కాకిని కూడా ఎవుళూ తరమనేదు."

"నేను తరుముతున్నానా?"

"నానలగన్నానా? డజను గ్లాసులున్నాయి కదేటి, ఇంకోదాని మీద గీసుకో."

"గ్లాసు గ్లాసుకీ కొలత మారుతుందత్తా."

"వచ్చీసింది కొలతలమ్మ! మొన్న అన్నానికి తూకం, నిన్న పప్పుకి తూకం. రేపు మేం పీల్చే గాలి కూడా తూస్తావు."

గౌరి మందు సీసా మూతతో నీళ్ళు కొలిచి గ్లాసులో పోయడం మొదలుపెట్టింది. పది మిల్లీలీటర్ల మూత, పదిహేను సార్లు. తొమ్మిదో మూత దగ్గర అమ్మడు ఏదో సణిగితే లెక్క తప్పింది. గ్లాసు వంపేసి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మంచం మీంచి ఇదంతా చూస్తున్న బాబీ, ఉబ్బిన రెప్పల మధ్య సన్నటి గీతల్లా మిగిలిన కళ్ళతో అడిగాడు.

"అమ్మా, గీత పోయింది కదా. ఇయ్యాల ఎంతైనా తాగొచ్చా?"

అమ్మడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

పది గంటలకి ఫోను మోగింది. హైదరాబాదు ల్యాబు నుంచి రేఖ.

రేఖది నరసన్నపేట. గౌరి పుట్టిల్లూ ఆ ఊరే కావడంతో మొదటి రోజునుంచీ ఇద్దరికీ మాట కలిసింది. జన్యువుల సంగతి ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా ఆ అమ్మాయే చెప్పింది. "ప్రతి పడవలోనూ అన్ని రకాల వలలూ ఉన్నాయనుకోండి. ఏ పడవ ఏ వల దించిందో చూస్తేనే అది దేనికి బయల్దేరిందో తెలుస్తుంది. కణాలూ అంతే. జన్యువులన్నీ అన్ని కణాల్లోనూ ఉంటాయి. ఏది ఎక్కడ, ఎప్పుడు మేలుకుంటుందన్నదే సంగతి. తల్లి కడుపులో పడిన దగ్గర్నుంచీ ఎలుకల్లో రోజు రోజుకీ, మనుషుల్లో వారం వారానికీ, ఏ కణంలో ఏ జన్యువు మేలుకుందో మేం పటం గీస్తున్నాం. బాబీలో తేడా వచ్చిన జన్యువు రక్తంలో నిద్రపోతూ ఉంటుంది. కిడ్నీలో జల్లెడలాంటి కణాలుంటాయి, అది వాటిలోనే మేలుకుంటుంది. అందుకే రక్తం సరిపోదు, ముక్క కావాలి." సూరయ్య ఆ రోజు వలల మాట విని తెగ సంబరపడ్డాడు.

"గౌరిగారూ, కూర్చున్నారా?" అంది రేఖ ఇప్పుడు.

గౌరికి ఆ ఒక్క మాటతో సగం తెలిసిపోయింది. "చెప్పండి."

"ముక్క పనికిరాలేదండి."

"చిన్నదైపోయిందా?"

"చాలినంతే ఉంది. పాడైపోయింది. మేలుకున్న జన్యువు ఏ పని చెయ్యాలో చీటీలు రాసి పంపుతుందని చెప్పాను కదా, మేం చదివేది ఆ చీటీలే. గట్టిగా గడ్డకట్టి ఉన్నంతసేపే అవి నిలుస్తాయి. ఒక్కసారి కరిగితే ముక్కలు ముక్కలైపోతాయి. నాలుగు సార్లు చూసాను. చదవడానికి ఏమీ మిగల్లేదు."

"గణపతిరావుగారు ఆ తెల్ల ఐసులో పెట్టే ఇచ్చారండి. నా ఎదురుగానే."

"అదే నాకూ అర్థం కాలేదు. డ్రై ఐస్ నీరు కాదు, గాలిలో కలిసిపోతుంది. మాకు వచ్చిన పెట్టెలో నీళ్ళున్నాయి. ఉప్పు నీళ్ళు. ముక్క ఉన్న గొట్టానికి చేప పొలుసు ఒకటి అంటుకుని ఉందండి."

గౌరి గుమ్మంలోంచి, మావగారు చేపలకి ఐసు పట్టే పాక వైపు చూసింది.

"ఇంకో సంగతి," అంది రేఖ. "మీ పెద్దవాళ్ళ రక్తం కూడా చూసాం. ఆ మారిన అక్షరం మీ మావగారి నుంచి వచ్చింది. ఆయనకి అరవై మూడేళ్ళు, ఏ జబ్బూ లేదని మీరే ఫారంలో రాసారు. అది నిజమైతే మంచి సూచనే. ఇన్నేళ్ళు ఆయన్ని ఏమీ చెయ్యని మార్పు మీ ఆయన్ని మాత్రం ఎందుకు చేస్తుంది? రూఢిగా చెప్పలేను. కానీ కాస్త ధైర్యం తెచ్చుకోవచ్చు."

ఫోను పెట్టేసి గౌరి గణపతిరావుకి చేసింది. ఆయన అంతా విన్నాడు. "మళ్ళీ సూది వెయ్యలేనమ్మా," అన్నాడు. "మొదటిసారికే రెండు రోజులు ఒంటేలులో రక్తం పోయింది. ఇంకోసారి వేస్తే ఆ కిడ్నీయే చేతికి రాకుండా పోతుంది. పిల్లవాడితో పందెం కాయలేను."

చెప్పులు కూడా వేసుకోకుండా గౌరి ఐసు పాకకి బయల్దేరింది.

మంగళవారం కొరియరు వాడు రానంటే, "మన చేపల బండి రోజూ విశాఖపట్నం పోతాది కదా, నేనే పట్టుకెళ్తాను," అని పెట్టె తీసుకుంది యుగంధరే. దారిలో సరుకెక్కించడానికి ఇంటి దగ్గర ఆగాడు. బండి పేచీ పెట్టింది. మెకానిక్కు వచ్చి బాగుచేసేసరికి మూడు గంటలు పట్టింది. అంతసేపూ పెట్టె పాకలో ఉంది.

పాకలో సూరయ్య తిరగేసిన ట్రే మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున్న సరుకు వెళ్ళిపోయింది. నేలంతా నీళ్ళు, అక్కడక్కడా పొలుసులు మెరుస్తున్నాయి.

"మావయ్యా, మంగళవారం ఆ తెల్ల పెట్టె మూత ఎవరు తీసారు?"

"నానే తీసినాను." సూరయ్య మొహం వెలిగింది. "ఏటి, అక్కడోళ్ళు అడిగినారేటి? నాను సూడబట్టి సరిపోయింది గానీ, నేకపోతే నీ మొగుడు సగం కాళీ పెట్టె పట్టుకుపోయీవోడు."

"ఏం చేసారు?"

"ఏటి సేస్తాను, సెయ్యాల్సిందే సేసినాను. మూత సందులోంచి పొగొస్తన్నాది. ఇదేటి ఐసురా, పొగలు కక్కతన్నాదని తీసి సూసినాను. తెల్ల ముక్కలు నాలుగే ఉన్నాయి. కరిగిందనుకుందామా, సుక్క నీరు నేదు. నలభై ఏళ్ళు ఐసుతో బతికినోణ్ణి, నీరవకుండా మాయమైన ఐసుని ఎప్పుడూ సూళ్ళేదు. సెడిపోయిన సరుకు అంటగట్టీసినారనుకున్నాను. ఆటిని పారబోసి, పెట్టె శుబ్బరంగా కడిగి, మన ఐసు దంచి పోసినాను. పొరకీ పొరకీ మధ్య కల్లుప్పు. పెద్ద రొయ్యకి ఎలగ సేస్తామో అలగే." గొంతు తగ్గించి, "మన బాబుగాడిది కదాని రెండు పొరలు ఎక్కువే ఏసినాను," అన్నాడు.

గౌరి పాక గుంజ పట్టుకుంది.

"అది పాడైపోయింది మావయ్యా."

"ఐసులో ఉన్నది పాడవదమ్మా. మూడు రోజులు ఢోకా నేదు."

"అది చేప కాదు మావయ్యా!"

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఎనిమిదేళ్ళలో ఆమె ఆయన ముందు గొంతెత్తడం అదే మొదటిసారి. పక్క పాకలో వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు తలలు తిప్పి చూసారు.

"ఆ ఐసు మన ఐసు కాదు. మన ఐసు కంటే ఎన్నో రెట్లు చల్లన. అది ఉన్నంతసేపే ముక్కకి ప్రాణం. మీరు దాన్ని పారబోసారు. తెరవొద్దని పెట్టె మీద రాసి ఉంది కదా!"

"ఇంగిలీసులో రాసినారమ్మా."

అది నిజం. గౌరి డిగ్రీ దాకా చదువుకుంది. పెట్టెలో ఏముందో, ఎందుకు ముట్టుకోకూడదో భర్తకి చెప్పింది, అత్తకి చెప్పింది. జీవితమంతా ఐసు దంచిన మనిషికి ఐసు సంగతి చెప్పాలని మాత్రం తనకి తోచలేదు.

"మరైతే ఇంకో ముక్క తీస్తారా?" అన్నాడు సూరయ్య మెల్లగా.

"తీయరంట. తీస్తే కిడ్నీ పోతుందంట."

ఆయన ఏం చెయ్యాలో తెలియనివాడిలా వంగి రబ్బరు బూటు ఊడదీసాడు. అది అంత తేలిగ్గా రాలేదు. రెండు చేతులా పట్టి లాగితే వచ్చింది. లుంగీ మోకాలి దాకా జరిగింది.

బూటు అంచు పిక్క చుట్టూ దిగబడిన చోట తాడు బిగించి కట్టినట్టు లోతుగా గాడి ఉంది. గౌరి దాన్నే చూస్తూ ఉండిపోయింది. రోజూ పొద్దున్నే బాబీ కాలి మీద బొటనవేలు నొక్కి, ఆ గుంట పూడటానికి ఎంతసేపు పడుతుందో అంకెలు లెక్కపెట్టుకోవడం ఆమెకి అలవాటు. ఇప్పుడూ తెలియకుండానే లెక్కపెట్టింది. పది. ఇరవై. ముప్ఫై. గాడి పూడలేదు. తలెత్తి ఆయన మొహం చూసింది. కళ్ళ కింద సంచులు. వయసు మీద పడిందనుకుని ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోని సంచులు.

"ఎప్పటినుంచి మావయ్యా?"

"ఏటి?"

"కాళ్ళు."

సూరయ్య లుంగీ కిందికి లాగేసుకున్నాడు. "బూటు బిగువు. నీకు ఇంట్లో పన్నేదేటి? ఎల్లు, గుంటడికి మందేలయింది."

ఇసకలో ఇంటికి నడుస్తూ గౌరి, రోజంతా నిలబడి చేసే పని, అందుకే ఆ వాపు అయ్యుంటుందనుకుంది. ముసలితనం అనుకుంది. ఉప్పు చేప ఎక్కువ తింటాడనుకుంది. పది అడుగులు వేసేలోగా మూడు కారణాలు వెతుక్కుంది, మూడూ నిలవలేదు. బాబీ వాపు మొదలైంది కూడా చెప్పులు బిగువయ్యాయన్న మాటతోనే. ఆ అక్షరం సూరయ్య నుంచి యుగంధర్‌కి వచ్చింది, యుగంధర్ నుంచి బాబీకి వచ్చింది. తాతని నెమ్మదిగా తింటోంది, మనవణ్ణి ఆత్రంగా తింటోంది. మధ్యలో ఉన్నవాణ్ణి ఊరికే వదిలేస్తుందా?

ఈ సంగతి తను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తెలియకపోతే యుగంధర్ కిడ్నీ ఇస్తాడు. బాబీ బతుకుతాడు, ఎంతకాలమో అంతకాలం. నోరు మూసుకుంటే చాలు. గుమ్మంలోకి వచ్చేసరికి ఆ ఆలోచనకి తనకే భయమేసింది. భయమేసినా అది ఆమెని వదలలేదు.

ఒంటిగంట దాటాక యుగంధర్ విశాఖపట్నం నుంచి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. అమ్మడు వంజరం పులుసు దించింది. బాబీకి ఉప్పు లేని పప్పన్నం ముందే పెట్టేసి పడుకోబెట్టారు. మిగతావాళ్ళు వసారాలో కంచాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. గౌరి వడ్డించింది.

"ల్యాబు నుంచి ఫోనొచ్చిందా?" అన్నాడు యుగంధర్.

"వచ్చింది. ముక్క పాడైపోయిందంట."

"ఎలగ?"

గౌరి జవాబు వెతుక్కునేలోగా సూరయ్యే అన్నాడు. "నానే సెడగొట్టీసినాను. అది మన ఐసు కాదంట. నాకేటి తెలుసు. పారబోసీసినాను."

అమ్మడు గరిటె వదిలేసి నుదురు కొట్టుకుంది. "నీ ఐసు మండిపోను! ముట్టుకోకపోతే నీ సెయ్యి ఊరుకోదేటి?"

యుగంధర్ కోపంగా తండ్రి వైపు చూసి, ముద్ద కలుపుతూ, కాసేపటికి తనే సర్దుకున్నాడు. "పోనీలేమ్మా, ఆయన్నంటే ఏటొస్తాది. ఇంక ఏ ముక్కా అక్కర్నేదు. నేను పొద్దున్న విశాఖపట్నం ఆసుపత్రిలో మాట్లాడే వచ్చాను. ఇలగిలగ, ఏ సంగతీ తేలకపోయినా సరే, ఏటైనా అయితే నాదే పూచీ అని రాసిస్తే ఒప్పుకుంటామన్నారు. రాసిచ్చీసాను. సోమవారం కాగితాలు లోపలికి పోతే ఇరవై రోజుల్లో ఆపరేషను."

"అమ్మా గంగమ్మ తల్లీ!" అమ్మడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ వెంటనే ఏడ్చింది. "నీకేటీ కాదు కదరా?"

"రెండున్నాయి కదమ్మా. ఒక్క ఇంజనుతో తిరిగే పడవలు మన రేవులో ఎన్ని నేవు?"

గౌరి పులుసు గిన్నె కింద పెట్టింది. మావగారి ఎదురుగా కూర్చుంది. "రేఖ ఇంకో మాట చెప్పింది," అంది. "ఆ మారిన అక్షరం మావయ్య నుంచి వచ్చిందంట. మావయ్యకి ఏ జబ్బూ లేకపోతే, అది మంచిదే అంట."

"మరింకేటి!" యుగంధర్ మొహం విప్పారింది. "నాన్న రాయిలాగున్నాడు. ఒక్కనాడు మంచమెక్కాడా? ఆయనకి నేదంటే నాకెందుకుంటాది?"

అందరూ సూరయ్య వైపు చూసారు. గౌరి మరీ చూసింది. చెప్పండి మావయ్యా, మీ నోటితోనే చెప్పండి అని కళ్ళతోనే అడిగింది. సూరయ్య కలిపిన అన్నాన్నే మళ్ళీ మళ్ళీ కలిపాడు.

"అవును," అన్నాడు చివరికి, కంచంలోకి చూస్తూ. "నాకేటీ నేదు. రాయిలాగే ఉన్నాను."

యుగంధర్ ఎడం చేత్తో కవరు గౌరి ముందుకి తోసాడు. "నా సంతకం అయిపోయింది. రెండో కాగితం మీద నువ్వు పెట్టాలి. ఇచ్చేవాడి పెళ్ళాం ఒప్పుకోకపోతే కత్తి ముట్టుకోరంట. పెన్ను కూడా అందులోనే ఉంది. తినీసి పెట్టీ."

గౌరి కాగితం బయటికి తీసింది. తన పేరు ముందే రాసి ఉంది. దాని కింద ఖాళీ. లోపల గదిలోంచి బాబీ ఊపిరి గురగురమని వినిపిస్తోంది. ఆ ఊపిరినే వింటూ కాగితం మూడు సార్లు చదివింది, మధ్యలో ఒక్క మాట కూడా బుర్రకెక్కలేదు. తర్వాత దాన్ని మడతల వెంట మళ్ళీ మడిచి భర్త పక్కన పెట్టింది.

"నేను పెట్టను," అంది.

"ఏటన్నావు?"

"సంతకం పెట్టను. సోమవారమూ పెట్టను. రేపు పొద్దున్నే మావయ్యని గణపతిరావుగారి దగ్గరికి తీసుకెళ్తాను. ఆయన రక్తం, ఒంటేలు అన్నీ చూపిస్తాను. డాక్టరు సరేనంటే ఆయన కిడ్నీ ముక్కే హైదరాబాదు వెళ్తుంది. దాన్ని చదివి చెప్పేదాకా మీ ఒంటి మీద కత్తి పడనివ్వను."

"నాన్నకేటైందని ఇప్పుడు?" యుగంధర్ అటూ ఇటూ చూసాడు. "నాన్నా, నీకేటైంది?"

సూరయ్య లుంగీని పాదాల మీదికి లాక్కున్నాడు.

అమ్మడు లేచి నిలబడింది. చేతికి అన్నం మెతుకులు అంటుకునే ఉన్నాయి. "ముక్క తీయాల, పంపాల, ఆళ్ళు సదవాల. అంతవరకూ గుంటడుంటాడేటే? సెప్పు. నువ్వు కన్నావు కదా, నువ్వే సెప్పు. ఉంటాడా?"

"తెలీదత్తా," అంది గౌరి.

సూరయ్య కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

"ఎన్ని గంటలకమ్మా రేపు బస్సు?" అన్నాడు.